మాట వినని గాలి

"ఏం పని చేస్తావమ్మా?" అని చిత్తూరులో ఎముకల డాక్టరు అడిగితే, "గాలి కొడతాను సార్" అన్నాను. ఆయన రాస్తున్న కాగితం మీంచి తల ఎత్తకుండానే, "సైకిళ్ళకా, లారీలకా?" అన్నాడు.

నా కుడి చెయ్యి భుజం ఎత్తుకు లేవడం మానేసి అప్పటికే నెల దాటింది. జడ వేసుకోలేను. జాకెట్టు తొడుక్కోవాలంటే ఏడుపొచ్చేది. పక్కింటామె వచ్చి తల దువ్వితే దువ్వినట్టు, లేకపోతే ఆ రోజంతా చింపిరి తలే. అంత బాధలోనూ డాక్టరు మాటకు ఫక్కున నవ్వాను. "సైకిళ్ళకు కాదు సార్, కొలిమికి. మా ఆయన కమ్మరి పని చేస్తాడు. ఇనుము కాలాలంటే నిప్పుకు గాలి కావాలి గదా, ఆ గాలి నేను కొడతాను. చక్రం తిప్పి. ఇరవై రెండేళ్ళయింది" అని చెప్పాను.

ఆయన పెన్ను పక్కన పెట్టి నా చెయ్యి పట్టుకుని అటూ ఇటూ వంచాడు. నేను కేక పెట్టాను. స్కానింగు తీయించి, మాత్రలు రాసి, గోడకు ఆనుకుని చేయాల్సిన వ్యాయామం చూపించి, చివర్లో ఒక్క మాట చెప్పాడు. "ఆ చక్రం ఇంక ముట్టుకోవద్దు. ముట్టుకున్నావంటే అన్నం ముద్ద నోటిదాకా ఎత్తడం కూడా కష్టమవుతుంది." ఇది దసరాకు మూడు రోజుల ముందు జరిగింది.

మా ఆయన బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఆయన నాకు సొంత మేనమామ. పుట్టినప్పటి నుంచి "మామా" అని పిలిచిన మనిషినే పెళ్ళి చేసుకున్నాను కాబట్టి పిలుపు మార్చుకునే పని పడలేదు. డాక్టరు చెప్పింది చెప్పాను. నేల చూస్తూ విన్నాడు. బస్సెక్కాం. పాకాల రోడ్డులో మా ఊరు వచ్చి దిగేముందు, "అయితే కొలిమి మూసేద్దాం మే" అన్నాడు. చేతిలో టిక్కెట్టు ముక్క పారేసినంత తేలిగ్గా అన్నాడు.

మా కొలిమి రోడ్డు పక్కన రేకుల పాక. మా తాత కాలంలో, అంటే మా ఆయన నాయన కాలంలో, గాలికి తోలు తిత్తులు ఉండేవి. నేను కాపురానికి వచ్చేనాటికి వాటి స్థానంలో చక్రం వచ్చింది. నడుమెత్తు ఇనుప చక్రం, దానికొక పిడి. పిడి తిప్పితే బెల్టు లాగుతుంది, బెల్టు చివరనున్న చిన్న ఫ్యాను గిర్రున తిరుగుతుంది, గొట్టంలోంచి గాలి నిప్పు అడుక్కి పోతుంది. జ్వరం వచ్చిన రోజులు, పురుళ్ళ రోజులు తప్ప దాన్ని నేనే తిప్పాను. పనిలో మా ఆయన నాతో రెండే మాటలు మాట్లాడేవాడు. "ఊఁ" అంటే గాలి పెంచాలి. "సాలు" అంటే తగ్గించాలి. నిజం చెప్పాలంటే ఏడాది తిరిగేసరికి ఆ రెండు మాటల అవసరం కూడా నాకు లేకపోయింది. ఆయన నోరు తెరిచేలోపే నా చెయ్యి పెంచేది, తగ్గించేది. ఆయన మాత్రం ఆ మాటలు మానలేదు. గాలిని తానే నడుపుతున్నానని ఆయన నమ్మకం. పోనీలే పాపం అని నేనూ దిద్దలేదు.

డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చిన రెండో రోజు ఆయన స్నేహితుడొకడు ఫోన్ చేశాడు. శ్రీ సిటీలో ఏదో ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీ పని చేస్తాడతను. అక్కడ ఇంకొక మనిషి కావాలట. దీపావళి మర్నాడు చేరాలట. ఉండడానికి గది కూడా ఇస్తారట. మా ఆయన "సూస్తానప్పా" అన్నాడు. ఆ "సూస్తాను"లో "వస్తాను" ఉందని నాకు తెలియదా?

నాకు ఒళ్ళు మండింది. "నా చెయ్యి పోతే నీ చేతులు గూడా పోవాల్నా మామా? వచ్చే కారుకు, పోయే కారుకు సలాం కొట్టుకుంటా నిలబడతావా?" అన్నాను.

"ఏం చేయమంటావు మే? చక్రం తిప్పేదానికి ఇంకొకర్ని పిలిస్తే ఎవురొస్తారు ఈ కాలంలో? గాలి లేని కొలిమి పొయ్యితో గూడా సమానం కాదు."

"కరెంటు గాలి పెట్టుకుందాం. బావికాడ మోటారే, మిక్సీలో మోటారే. కొలిమికి పెడితే తప్పా?"

"మోటారుకు ఏం తెలుస్తాది మే? అది సెప్పిన మాట వింటాదా?"

పాక మూలన లారీ కమాన్ పట్టీలు, అంటే చక్రాల పైనుండే స్ప్రింగు ఉక్కు పట్టీలు, కట్టగట్టి ఉన్నాయి. చెరుకు కొట్టే కూలీల మేస్త్రి తెచ్చిపడేసినవి. ఆ పట్టీలతో ముప్ఫై చెరుకు కత్తులు కావాలన్నాడు, కార్తీకంలో కొట్టుడు మొదలవుతుందన్నాడు. మా ఆయన వాటిని తిరిగిచ్చేద్దామని అప్పుడే ఆటో అడిగి పెట్టాడు. "ఆ పట్టీలు గడప దాటనియ్యను. దీపావళి దాకా గడువియ్యి మామా. అప్పటికీ కొలిమి నడవకపోతే నీ ఇష్టం, నీ గేటు నీది" అన్నాను. చాలాసేపు గడ్డం గోక్కుని, "సరే మే" అన్నాడు. అలా మాకు మూడు వారాలు దొరికాయి.

మోటార్లు, పంపులు అమ్మే బజారు వెతుక్కుంటూ ఇద్దరం తిరుపతి పోయాం. కొండకు పోయే జనంతో బస్సు కిక్కిరిసి ఉంది. ఒక్క చేత్తో కమ్మీ పట్టుకుని నిలబడి, చెయ్యి తగిలిన ప్రతివాడినీ తిట్టుకుంటూ పోయాను. షాపతను, "ఎందుకక్కా, హోటలుకా?" అన్నాడు. కొలిమికి అనేసరికి ఆసక్తిగా లేచాడు. మొదట చేత్తో పట్టుకునేది ఒకటి చూపించాడు. కంప్యూటర్ల మీద దుమ్ము ఊదేదట. స్విచ్చి వేయగానే అది పెట్టిన రొదకు పక్క షాపులో వాళ్ళు తొంగి చూశారు. "దినమంతా నడుస్తుందా?" అంటే, "అంతసేపు నడిపితే కాలిపోతాది లే అక్కా" అని అతనే ఒప్పుకున్నాడు. తర్వాత నత్తగుల్ల ఆకారంలో ఉన్న ఇనుప బ్లోయర్లు రెండు దించాడు. ఒకటి చిన్నది, ఒకటి దానికి రెండింతలు.

చిన్నదాని మూతికి అరచెయ్యి అడ్డం పెట్టి చూశాను. నేను చక్రం గట్టిగా తిప్పితే గొట్టంలోంచి వచ్చేంత గాలి ఉంది. ఇది చాలనిపించింది. ఈలోపు మా ఆయన పెద్దదాని ముందు నిలబడ్డాడు. ఆయన చొక్కా బూరెలా పొంగింది, జుట్టు లేచింది. డాక్టరు దగ్గరికి పోయినప్పటి నుంచి మాడిపోయి ఉన్న మొహం ఒక్కసారి విప్పారింది.

"కొంటే ఇట్లాంటిది కొనాల మే. ఎక్కువైతే తగ్గించుకోవచ్చు. తక్కువైతే మిగతాది యాడి నుంచి తెస్తాం?" అన్నాడు.

"అన్న కరెక్టుగా చెప్పినాడక్కా. ఫ్యాన్ రెగ్యులేటరు ఒకటి తగిలించుకో. ఇంట్లో ఫ్యాను తగ్గించినట్టే ఇదీ" అని షాపతను అందుకున్నాడు.

చిన్నదే చాలని నాకు తెలుసు. కానీ ఆ పూట ఆయన నవ్వు చూసి నోరు మూసుకున్నాను. నా జన్మలో నోరు మూసుకున్న సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, వాటిలో ఇదే దండగమారిది.

మర్నాడు చక్రం పక్కకు జరిపి, గొట్టానికి బ్లోయరు బిగించి, స్విచ్చి వేశాడు. ఓరి నాయనో! మంట రేకుల దాకా లేచింది. బొగ్గులు ఎగిరి నా కాళ్ళ దగ్గర పడ్డాయి. కళ్ళ నిండా బూడిద. అయినా ఆయన వెనక్కి తగ్గక కమాన్ పట్టీ ఒకటి నిప్పులో పెట్టి, అలవాటు కొద్దీ "ఊఁ" అన్నాడు. కాసేపటికి "సాలు" అన్నాడు. నేను ముక్కాలి పీట మీద, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాను. "సాలు మే, సాలు సాలు!" అని అరిచాడు.

"ఎవురికి చెప్తాండావు మామా? నేను ఈడుండా. స్విచ్చి ఆడుండాది!"

ఆయన స్విచ్చి దగ్గరికి పరిగెత్తేలోపు నిప్పులోంచి తెల్లటి రవ్వలు కాకరపువ్వొత్తిలా చిమ్మాయి. కొలిమి తెలియని వాళ్ళకు ఇనుము కాలిపోతుందంటే నమ్మకం కలగదు. గాలి అంతు లేకుండా కొడితే ఇనుమే కట్టెలాగా మండిపోతుంది. దాన్ని మళ్ళీ ఏ సుత్తీ అతికించలేదు. పట్టీ బయటికి తీస్తే జానెడు ముక్క కొస ఊడి బొగ్గుల్లో పడింది. ఇరవై రెండేళ్ళలో మా కొలిమిలో అలా జరగలేదు. ఆయన నా చేతుల వంక చూశాడు. కోపంగా కాదు, బిత్తరపోయి చూశాడు. 

సరే, రెగ్యులేటరు ఉంది గదా అనుకున్నాం. దాన్ని తగిలించి ఐదు మీద పెడితే పాత తుఫానే. మూడు మీద పెడితే కొంచెం నయం. రెండు మీదికి తిప్పగానే గాలి ఆగిపోయి, లోపల ఏదో మూలిగినట్టు శబ్దం మొదలైంది. "దానికి అలవాటు కావాల్లే" అన్నాడాయన. అలవాటయ్యేలోపే మాడిన వాసన, వెనకాలే సన్నటి పొగ. చెయ్యి పెడితే చుర్రుమంది. తర్వాత ఐదు మీద పెట్టినా అది కదల్లేదు.

ఆయన రోడ్డు మీదికి పోయి ఫోన్ చేశాడు. "వస్తానప్పా. దీపావళి మర్నాడు వస్తా" అనడం పాకలో ఉన్న నాకు స్పష్టంగా వినపడింది. లోపలికి పోయి ఏడ్చాను. సిగ్గేముంది చెప్పుకోవడానికి, పావుగంట ఏడ్చాను. తర్వాత ఆ షాపతన్ని తిట్టాను, మా ఆయన్ని తిట్టాను, నోరు మూసుకున్నందుకు నన్ను తిట్టుకున్నాను. తిట్లు అయిపోయాక బ్లోయరు ఊడదీయించి గోనె సంచిలో వేసి, ఎడమ చేత్తో ఎత్తుకుని చిత్తూరు బస్సుకు బయల్దేరాను.

"యాడికి మే, దాన్ని ఎత్తుకోని?"

"నువ్వు గేటుకాడ సలాం కొడుదువుగానీ. ముందు నేను పోయి మోటారాయనకు కొట్టొస్తా" అన్నాను.

చిత్తూరులో కాలిన మోటార్లకు రాగి తీగ మళ్ళీ చుట్టే షాపు ఒకటి అడిగి కనుక్కున్నాను. బక్కపలచని మనిషి, చుట్టూ విప్పిన మోటార్లు. సంచి మూతి తెరవగానే ముక్కు ఎగబీల్చి, "రెగ్యులేటరు పెట్టినారా అక్కా?" అన్నాడు. వాసన చూసే చెప్పేశాడు! నాకు ఆ మనిషి మీద అక్కడే గౌరవం కలిగింది.

"ఇంట్లో ఫ్యాను వేరేక్కా, ఇది వేరే. దీనికి ఒకటే పరుగు తెలుసు. కరెంటు తగ్గిస్తే ఇది నిదానంగా పోదు. తిరగలేక మూలుగుతాది, మూలిగి మూలిగి కాలిపోతాది" అన్నాడు.

"మరి గాలి ఎట్ల తగ్గించేది అన్నా?"

"మోటారు జోలికి పోవద్దు. దాని పరుగు దాన్ని పోనీ. గాలి పొయ్యే దోవలో తలుపు పెట్టు. కావాల్సినంత తెరువు, వద్దనుకుంటే మూసెయ్యి."

నాకు నమ్మకం కుదరలేదు. "తలుపు మూస్తే గాలి లోపలే ఇరుక్కుని మోటారు మీద బరువు పడదా? మళ్ళీ కాలితే మా పని గోవిందా!" అన్నాను. అతను నవ్వి, బాగుచేసి పెట్టిన ఇంకో బ్లోయరు నడిపించాడు. కరెంటు ఎంత లాగుతోందో చూపించే పటకారులాంటి మీటరు ఒకటి తీగకు తగిలించాడు. బ్లోయరు మూతికి అట్టముక్క అడ్డం పెట్టాడు. లోపలి శబ్దం సన్నగా, ఈలలా మారింది. మీటరులో అంకె పెరగడం కాదు, దిగిపోయింది.

"సూడక్కా. గాలిని మోస్తేనే గదా దానికి బరువు. మోసేదానికి గాలే లేకపోతే బరువెక్కడిది?"

నేను అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడ్డాను. ఎందుకంటే ఆ సంగతి నాకు తెలుసు. కరిగిన మురికి గొట్టం మూతి దగ్గర గడ్డకడుతుంది, దాన్ని చిట్టెం అంటాం. చిట్టెం పట్టి గాలి ఆగిపోయినప్పుడల్లా నా చేతిలో చక్రం దూదిలా తేలికైపోయేది. "చిట్టెం పట్టింది మామా" అని నేనే చెప్పేదాన్ని, ఆయన కమ్మీతో పొడిచి తీసేవాడు. వేలసార్లు నా భుజం చెప్పిన పాఠమే అది. అదే సంగతి మోటారు దగ్గర నా బుర్రకు తట్టలేదు చూడండి.

రెండు రోజుల్లో మోటారు చుట్టిచ్చాడు. తెచ్చుకుని ఇంటికొచ్చేసరికి మంచం మీద కొత్త నల్ల బూట్ల పెట్టె కనబడింది. సెక్యూరిటీ పనికి బూట్లు కావాలి గదా, మా ఆయన కొనుక్కొచ్చాడు. ఆ పెట్టెను కాలితో మంచం కిందికి తోసి, విషయం చెప్పాను. అట్టముక్కతో చేసి చూపించాను.  పని అంటే మాత్రం ఆయన్ని మించినవాడు లేడు, ఆ మాట ఎక్కడైనా చెబుతాను. రెండు ఇనుప పలకల మధ్య సందు ఉంచి, ఆ సందులో రేకు జారేలా గంటన్నరలో తలుపు చేసి గొట్టం మధ్యలో బిగించాడు.

ఎడమ చేత్తో రేకు లాగి చూశాను. పావు వంతు తెరిస్తే నిప్పు వంటపొయ్యిలా బుద్ధిగా ఉంది. సగం తెరిస్తే కత్తికి చాలినంత మంట. పూర్తిగా తెరవాల్సిన అవసరం ఆ రోజే కాదు, ఇప్పటిదాకా రాలేదు. పెద్ద బ్లోయరు అన్నందుకు ఆయన్ని ఇప్పటికీ దెప్పుతూనే ఉంటాను.

ఆయన సంబరంగా, "ఇంకేం మే! నువ్వు ఈడ కూసోని ఎడం సేత్తో లాగితే సాలు. పాతట్నే జరిగిపోతాది" అన్నాడు.

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. "కుడి చెయ్యి అయిపోయింది, ఇప్పుడు ఎడమది గూడా కావాల్నా? ఇంకో ఇరవై రెండేండ్లు ఆ పీట మీద కూసోను మామా. గాలి కావాల్సింది నీకు. నువ్వే తెరుసుకో, నువ్వే మూసుకో."

"నా రెండు సేతుల్లో ఒక దాంట్లో పటకారు, ఒక దాంట్లో సుత్తి. మూడో సెయ్యి యాడుండాది మే?"

"కాళ్ళు లేవా?" అన్నాను.

కోపంలో అన్న మాట. కానీ అన్నాక ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అటక మీద పాడైపోయిన నా కుట్టుమిషను ఉంది. దాని పెడలు ఊడబెరికి, కమ్మీతో రేకుకు కలిపి, వెనక్కి లాగేందుకు ఒక స్ప్రింగు కట్టాడు. కాలితో నొక్కితే తలుపు తెరుచుకుంటుంది, కాలు తీస్తే మూసుకుంటుంది. ఇనుము తీసుకుని సాగగొట్టడానికి ఆయన అటు జరగగానే గాలి దానంతట అదే ఆగి, నిప్పు కునుకు తీస్తుంది. చక్రం ఉన్నప్పుడు నేను ఆ సందులో కూడా మెల్లగా తిప్పుతూనే ఉండాల్సి వచ్చేది. మొదటి రోజే బొగ్గు ఎంత మిగిలిందో చూసి, ఇన్నాళ్ళూ ఇది ఎందుకు తోచలేదా అని తల పట్టుకున్నాను.

దీపావళికి ఇంక తొమ్మిది రోజులు. కత్తులు చకచకా తయారవుతున్నాయి. అయిదారు రోజులకు సరిపడా సంతోషం ఒక్క పూటలో అనుభవించాం. అప్పుడొచ్చింది అసలు చిక్కు. కత్తి రూపం వచ్చాక దానికి పానం పెట్టాలి. అంటే అంచును మళ్ళీ కాల్చి, సరైన ఎరుపు వచ్చిన క్షణాన నూనెలో ముంచాలి. ముందే ముంచితే అంచు మెత్తగా ఉండిపోతుంది, ఆలస్యంగా ముంచితే పెళుసెక్కి గాజులా పగులుతుంది. పనివాడి పేరంతా పానంలోనే ఉంది. మా తాత దాన్ని కొడుక్కు మాత్రమే నేర్పాడు. చక్రం తిప్పే మనిషికి ఎందుకని నాకెప్పుడూ చెప్పలేదు.

మా ఆయన మొదటి కత్తికి పానం పెట్టి, ఎండు తుమ్మకట్టె మీద ఒక దెబ్బ వేశాడు. అంచు పెళుక్కుమని లేచిపోయింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. ఆయన చేత్తో పెట్టిన పానం పగలడం నేను ఎన్నడూ చూడలేదు. సుత్తి కింద పడేసి, "కరెంటు గాలి పానానికి పనికిరాదు మే. ఇంక కాదులే" అన్నాడు. ఆ గొంతు విని నాకు భయం వేసింది. ఆయన కళ్ళు మంచం ఉన్న వైపు పోయాయి, బూట్ల వైపు.

"ఎప్పుడు తియ్యాలో నీకెట్ల తెలుస్తాది మామా?" అని అడిగాను.

"తెలుస్తాది మే. అంతే. సెప్పేదానికి రాదు."

నాలుగో కత్తి నిప్పులో పెట్టమన్నాను. ఆయన్నే చూస్తూ నిలబడ్డాను. పెడలు మీద లేని ఆయన ఎడమ కాలి బొటనవేలు నేలకేసి తాళం వేస్తోంది. ఒకటి, రెండు, మూడు... మధ్యలో తడబడి ఆగింది, మళ్ళీ మొదలైంది. నాకు అర్థమైపోయింది. నా చక్రం చుట్టుకొకసారి కీచుమనేది. నూనె వేసినా పోని కీచు. ఆయన తనకు తెలియకుండానే ఆ కీచుల లెక్కతో ఇనుము తీసేవాడు. ఇప్పుడు ఆ కీచు లేదు. మోటారుది ఒకటే రొద, పైగా మంట ఇప్పుడు ముందుకంటే తొందరగా పట్టేస్తోంది. ఆయన ఎదురుచూసేసరికి పుణ్యకాలం దాటిపోతోంది.

ఇక నా సంగతి. చేతులు చక్రానికి ఇచ్చేశాను గానీ కళ్ళు ఖాళీగానే ఉండేవి గదా. ఇరవై రెండేళ్ళు నేను చూసింది ఒక్క నిప్పునే. ఆయన కత్తి ముంచే క్షణాన అంచు ఏ రంగులో ఉంటుందో నా కళ్ళకు కంఠతా వచ్చు. పండిన రేగిపండు ఎరుపు. దాని మీద నారింజ ఛాయ తిరిగిందంటే పని చెడినట్టే.

"ఇప్పుడు తియ్యి" అన్నాను.

"ఇంకొంచెం మే."

"ఇప్పుడే మామా!"

వినలేదు. నారింజ తిరిగాక తీసి ముంచాడు. కట్టె మీద వేస్తే నాలుగోదీ పగిలింది. అప్పుడు నేను అడగలేదు, బతిమాలలేదు. పటకారు ఎడమ చేత్తో లాక్కుని, "నువ్వు పెడలు తొక్కు" అన్నాను. అయిదో కత్తి పెట్టాను. పిడి వైపు నుంచి కొస వైపు ఎరుపు నెమ్మదిగా పాకి వచ్చింది. మా తాత చూస్తే ఏమంటాడోనని ఒక్క క్షణం బెదిరాను, అబద్ధమెందుకు. రేగిపండు రంగు అంచంతా సమంగా పరుచుకోగానే తీసి పాత ఇంజను ఆయిల్లో ముంచాను. బుస్సుమని పొగ లేచింది. చల్లారాక ఆయన దాని మీద ఆకురాయి పెట్టి రుద్దాడు. ఆకురాయి కరవకుండా జారిపోయింది, అంటే అంచు గట్టిపడిందన్నమాట. తుమ్మకట్టె మీద బలం కొద్దీ వేశాడు. ఖణ్‌మంది. అంచు చెక్కుచెదరలేదు. వేలితో ఈ చివర నుంచి ఆ చివరకు తడిమి చూశాడు, నావైపు చూశాడు.  ఆరో కత్తి తీసి నా చేతికి అందించాడు.

పగిలిన నాలుగింటినీ చెడిన అంచు మేరకు కోసేసి కొంచెం సన్న కత్తులుగా మళ్ళీ చేసి లెక్క సరిపెట్టాం. కాలిపోయిన పట్టీ సంగతి మేస్త్రికి దాచకుండా చెప్పి, ఇంకొకటి తెప్పించుకున్నాం. దీపావళికి రెండు రోజుల ముందు మేస్త్రి వచ్చి ముప్ఫై కత్తులూ తీసుకున్నాడు. పక్కనే ఉన్న తోటలోకి పోయి రెండు గడలు నరికి చూసి, "ఏమప్పా, ఈసారి పదును భలే కుదిరిందే!" అన్నాడు. మా ఆయన గొంతు సవరించుకుని, "ఊరికేనా" అని ఊరుకున్నాడు. నేను అక్కడే ఉన్నాను. పానం పెట్టింది ఎవరో ఒక్క ముక్క చెప్పలేదు. చిరాకేసింది గానీ పండగ పూట ఎందుకని మింగేశాను. శ్రీ సిటీ మాట కూడా ఎత్తలేదు. పోతాడో, ఉంటాడో అడగాలంటే నాకు నోరు రాలేదు. పండగంతా ఆ భయంతోనే గడిచింది. బూట్ల పెట్టె మంచం కిందే ఉంది.

దీపావళి మర్నాడు పొద్దున్నే మేస్త్రి ఇంకో పది కత్తులకు పట్టీలు దించి పోయాడు. మా ఆయన చొక్కా విడిచి కొలిమి వెలిగించాడు. నేను గోడ దగ్గర నా వ్యాయామం చేసుకుంటున్నాను. చెయ్యి చెవి దాకా లేస్తోంది అప్పటికి. కొత్త పట్టీల్లో మొదటిదానికి కత్తి రూపం వచ్చాక, పానం కోసం దాన్ని నిప్పులో పెట్టి నిలబడ్డాను. అప్పుడు ఫోను మోగింది. చేతులకు మసి అని ఆయన మోచేత్తో నొక్కి స్పీకరులో పెట్టాడు.

"బస్సెక్కినావాప్పా?" అన్నాడు స్నేహితుడు.

"లేదప్పా. నేను రాలేను."

"ఏందప్పా ఇది! మీ ఆమెకు సెయ్యి బాగలేదు, కొలిమి మూసేస్తాండా అంటివి గదా?"

 మా ఆయన కాలు పెడలు మీద ఉంది, కళ్ళు నిప్పు మీద ఉన్నాయి. నా వైపు చూడకుండానే అన్నాడు. "గాలికి మోటారు ఉండాది. పానం పెట్టేది ఆమె. మా నాయన తర్వాత అంత పానం పెట్టేటోళ్ళను నేను సూడలేదు. నేను ఉత్త కొట్టేవాన్నేప్పా. ఆమెను ఈడ ఇడిసిపెట్టి నేనొక్కన్నే ఆడికొచ్చి ఏం చేయాల?"

ఇరవై రెండేళ్ళు పక్కన కూర్చున్నదానికి చెప్పని మాట, ఫోనుకు చెప్పాడు మహానుభావుడు. నా కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. పొగ వల్ల అని చెప్పను, ఏడుపే. నీళ్ళలో రంగు సరిగ్గా కనబడక భుజంతో కళ్ళు తుడుచుకుని, "కాలు తియ్యి మామా, రంగొచ్చేసింది" అన్నాను. ఆయన వెంటనే తీశాడు.